పామాయిల్ అడవుల మాట ఎత్తితే ‘ముందు మీ ఊరి తోటలు నరకండి’ అన్నారు. ఏం చెప్పాలి?

వేళచ్చేరి_వసంత
మా అపార్ట్‌మెంట్‌లో 140 ఇళ్లు. దీపావళికి అసోసియేషన్ తరఫున ఇంటికో స్వీటు డబ్బా, కారం తినుబండారాల పొట్లం ఇస్తారు. వాచ్‌మన్లకి, పనివాళ్లకి కూడా. ఈసారి మేం నలుగురం కలిసి ఒక మాట అన్నాం. ఇంత పెద్ద ఆర్డరు ఇస్తున్నాం కదా, మీరు వాడే పామాయిల్ ఎక్కడిది అని ఆ స్వీట్ల కొట్టుకి ఒక ఉత్తరం రాద్దాం. మానేయమనలేదు. అడుగుదాం అన్నాం.

సుమత్రాలో, బోర్నియోలో అడవులు కొట్టేసి ఆ తోటలు వేశారని, అక్కడ తప్ప ఇంకెక్కడా లేని ఒరాంగుటాన్లు అంతరించే స్థితికి వచ్చాయని రెండు నిమిషాలు చెప్పానో లేదో, ఒకాయన లేచి "మీది ఏలూరు పక్కన కదమ్మా, మీ ఊరంతా పామాయిలే కదా, ముందు అవి నరికించి రండి" అన్నారు. హాలంతా నవ్వు. నాకు గొంతు పెగల్లేదు. మా పెదనాన్నకి నిజంగానే ఆరెకరాల తోట ఉంది.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్. ఆ తోటకీ ఈ అడవికీ తేడా ఉందా? ఉంటే నలుగురిలో ఎలా చెప్పాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

తాంబరం తమ్ముడు
అక్కా, అలాంటి ఒక్కాయన ప్రతి అసోసియేషన్‌లోనూ ఉంటారు. మా దాంట్లో అయితే చెత్త వేరుచేద్దాం అన్నందుకు ‘ముందు కూవం నది కడిగి రా’ అన్నారు.

సత్యం71
ఆయన అన్నదాంట్లో తప్పేముంది? యూరప్ వాళ్లు వాళ్ల అడవులు ఎప్పుడో నరుక్కుని ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. ఇప్పుడు ఇండోనేషియా రైతు నాలుగు డబ్బులు చూస్తుంటే అడవి గుర్తొచ్చింది. ఆ ప్రచారాన్ని మనం ఎందుకు మోయాలి?

గోదారి గట్టు
వసంత గారూ, మాది కామవరపుకోట దగ్గరండి. తోట మాదే కాబట్టి తేడా నేను చెప్తాను.

మా తాత పామాయిల్ వేసింది పొగాకు తీసేసి. ఇప్పటికీ తోట మధ్యలో బ్యారన్ గోడ, అంటే పొగాకు వేడికి ఆరబెట్టే గది గోడ, నిలబడే ఉంది, ఇటుకలు మసిబారి నల్లగా. మా పక్కాయనది చెరుకు చేను, ఆ పక్కది కొబ్బరి. మా నాన్నకి ఊహ తెలిసినప్పటి నుంచీ అది సేద్యం భూమే. అడవి కొట్టి వేసిన తోట మా వీధిలో ఒక్కటి చూపించండి చూద్దాం.

ఎకరానికి 57 మొక్కలు పడతాయి. నాలుగో ఏడాది నుంచి గెలలు. పెద్ద చెట్లయితే పొడవాటి గెడకి కొడవలి కట్టి కోస్తారు, గెల కింద పడ్డప్పుడు నేల అదురుతుంది. కోసిన గెల ఇంటి దగ్గర పెట్టుకోడానికి ఉండదండి. 24 గంటల్లో మిల్లుకి చేరాలి, లేకపోతే పండులో పులుపు పెరిగి నూనె పాడవుతుంది. అందుకే మా ట్రాక్టరు మిల్లు గేటు దగ్గర వరసలో నిలబడిన రోజు మా నాన్న అన్నం కూడా సరిగా తినడు.

తప్పు మా వైపు లేదని కూడా అనను. నీళ్లు. వేసవిలో చెట్టుకి రోజుకి 200 లీటర్ల పైన పెట్టాలంటారు. మా బోరు రెండుసార్లు లోతు చేయించాం. ఆ లెక్క ఎవరైనా అడిగితే తల దించుకుంటాను. కానీ అడవి లెక్క మా ఖాతాలో రాయొద్దు.

వేళచ్చేరి_వసంత
గోదారి గట్టు గారూ, మా పెదనాన్న తోటలోనూ బ్యారన్ ఉండేది! చిన్నప్పుడు దాంట్లో దాక్కునేవాళ్లం. ఆ సంగతి నాకే తట్టలేదు చూడండి.

సుమతి_ఆవడి
నాదొక్క ప్రశ్న. ఇక్కడ తమిళనాడులో రేషన్ షాపులో లీటరు పామోలిన్ 25 రూపాయలు. మా పనమ్మాయి ఇంట్లో ఆరుగురు, వాళ్లకి ఆ ప్యాకెట్టే నెల గడుపుతుంది. మీ ప్రచారం ముదిరి పామాయిల్ చెడ్డది అని ముద్ర పడితే ముందు పోయేది ఆ ప్యాకెట్టే. వేరుశనగ నూనె కొనగలిగినవాళ్లకి అడవి గురించి మాట్లాడటం తేలిక.

పెరంబూరు పిల్ల
సుమతి గారి మాటకి నేనూ ఓటేస్తాను. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా ఎగుమతులు ఆపేసింది గుర్తుందా? మూడు వారాల పైచిలుకే. ఆ నెల మా వీధి బజ్జీల బండి ఆవిడ బజ్జీ సైజు తగ్గించింది, ధర పెంచితే ఎవరూ కొనరని. ఈ నూనె మీద బతికేవాళ్లు మనకన్నా పేదవాళ్లు.

వేళచ్చేరి_వసంత
సుమతి గారూ, రేషన్ ప్యాకెట్టు జోలికి వెళ్లే ఉద్దేశం నాకు లేదు. ఉండదు కూడా. మేం అడుగుతున్నది బిస్కెట్లు, చిప్స్, స్వీట్లు, సబ్బులు, షాంపూలు అమ్మేవాళ్లని. కొనేటప్పుడు ‘ఎక్కడిది’ అని ఆరా తీయగల స్తోమతు వాళ్లకుంది. పనమ్మాయికి లేదు, ఆమెని అడగకూడదు కూడా.

సుమతి_ఆవడి
ఆ ముక్క ఉత్తరంలో రాయండి అయితే. రాయకపోతే నాలాంటివాళ్లు ఒప్పుకోరు.

లెక్కలమాస్టారు
సత్యం గారి అనుమానంలో కొంత సరుకుంది, అందుకే లెక్కలు చెప్తాను.

ప్రపంచంలో పామాయిల్‌లో దాదాపు 85 శాతం ఇండోనేషియా, మలేషియాలదే. దాన్ని అందరికన్నా ఎక్కువగా కొని దిగుమతి చేసుకునేది ఎవరనుకున్నారు? యూరప్ కాదు, మనం. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తుంది, అందులో పెద్ద భాగం ఇదే. కాబట్టి ఇది తెల్లవాళ్ల గొడవ అనడానికి లేదు. పెద్ద గిరాకీ మనది.

ఇక రెండో వైపు. హెక్టారుకి పామాయిల్ మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. సోయా అర టన్ను దగ్గరే ఆగిపోతుంది, పొద్దుతిరుగుడు దానికన్నా కాస్త మెరుగు. అందరం పామాయిల్ మానేసి సోయాకి మారితే అంత నూనెకి ఎన్నో రెట్లు భూమి కావాలి. 2018లో ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ నివేదిక తొమ్మిది రెట్ల వరకూ అని చెప్పింది. ఆ భూమి ఎక్కడినుంచి వస్తుంది? బ్రెజిల్లో అడవి నుంచి. కాబట్టి ‘పామాయిల్ బహిష్కరించండి’ అనే నినాదంతో నాకు పేచీ ఉంది. వసంత గారు ‘ఎక్కడిది’ అని అడుగుతున్నారు చూశారా, అది సరైన ప్రశ్న.

సత్యం71
లెక్క ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ వేళచ్చేరి నుంచి ఉత్తరం రాస్తే సుమత్రాలో గొడ్డలి ఆగుతుందా? అది చెప్పండి.

పెరంబూరు పిల్ల
ఆగిన సందర్భం ఉంది సార్. 2010 మార్చిలో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్లు కిట్‌క్యాట్ మీద ఒక చిన్న వీడియో చేశారు. ఆఫీసులో ఒకతను చాక్లెట్ పొట్లం విప్పుతాడు, లోపల ఒరాంగుటాన్ వేలు ఉంటుంది, చూసుకోకుండా కొరుకుతాడు, కీబోర్డు మీద రక్తం. ఆ చాక్లెట్ చేసే నెస్లే ఆ వీడియోని యూట్యూబ్‌లోంచి తీయించింది. అంతే, తీయించారన్న వార్తతో ఇంకా పదిమంది చూశారు. రెండు నెలలు తిరిగేసరికి, మే నెలలో, అడవులు కొట్టి వేసిన తోటల నుంచి కొనం అని నెస్లే ప్రకటించింది. గ్రీన్‌పీస్ అభ్యంతరం సినార్ మాస్ అనే ఇండోనేషియా కంపెనీల గుంపు మీద. అంతకుముందే, 2009 డిసెంబరులో, సబ్బులు, షాంపూలు అమ్మే యూనిలీవర్ ఆ గుంపు దగ్గర కొనడం ఆపేసింది.

2013 డిసెంబరులో విల్మార్ కూడా ‘అడవి కొట్టం, పీట్ నేల తవ్వం, మనుషుల్ని దోచుకోం’ అనే విధానం పెట్టుకుంది. పామాయిల్ వ్యాపారంలో విల్మార్ అంటే చిన్నాచితకా సంస్థ కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన కథ అమెరికాలో ఇద్దరు స్కౌట్ అమ్మాయిలది. వాళ్ల సంస్థ అమ్మే బిస్కెట్లలో పామాయిల్ ఉందని 2007లో గమనించారు. అప్పటికి బడిపిల్లలు. నాలుగేళ్లు పట్టు వదల్లేదు. 2011లో ఆ సంస్థ దిగొచ్చి పామాయిల్ మీద ఒక విధానం ప్రకటించింది. వాళ్లు కోరినంతా దక్కలేదు, కానీ అసలు మాట్లాడని సంస్థ మాట్లాడింది.

లెక్కలమాస్టారు
ఒక సవరణ. ఇండోనేషియాలో తోటల కోసం అడవి కొట్టడం 2012 ప్రాంతంలో తారస్థాయికి వెళ్లి తర్వాత బాగా తగ్గింది, నిజమే. కానీ ఘనతంతా ప్రచారాలదే అనొద్దు. 2011లో అక్కడి ప్రభుత్వం పాత అడవుల్లో, పీట్ నేలల్లో కొత్త అనుమతులు ఆపింది, 2019లో దాన్ని శాశ్వతం చేసింది. నూనె ధర పడిపోవడం కూడా తోడైంది.

పెరంబూరు పిల్ల
సరే మాస్టారూ, మూడూ కలిసి అంటాను. కానీ ప్రచారం లేకపోతే మిగతా రెండూ అంత తొందరగా కదిలేవా అన్నది నా మాట.

కడలి ప్రియ
పీట్ నేల అని ఊరికే అనేస్తున్నారు. దాని పొగ పీల్చినదాన్ని కాబట్టి చెప్తాను.

2015లో మేం సింగపూర్‌లో ఉన్నాం, బాబుకి నాలుగేళ్లు. పీట్ అంటే వేల ఏళ్లు చెట్లు కుళ్లీ కుళ్లక నీళ్లలో నానుతూ పేరుకున్న నేల. తోట వేయాలంటే కాలవలు తవ్వి ఆ నీళ్లు లాగేస్తారు. ఎండిన పీట్‌కి నిప్పు అంటుకుంటే పైన ఆర్పినా కింద రాజుకుంటూనే ఉంటుంది, వారాల తరబడి. ఆ ఏడాది ఎల్ నినో, వానలు లేవు. ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలిపోయింది. ప్రపంచ బ్యాంకు నష్టాన్ని 1,600 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది.

ఆ పొగ సముద్రం దాటి మా బాల్కనీకి వచ్చింది. ఎదురుగా ఉన్న టవరు కనపడేది కాదు. సూర్యుడు మధ్యాహ్నం పూట కూడా కుంకుమబొట్టులా ఎర్రగా, కళ్లు చికిలించకుండా చూడగలిగేలా ఉండేవాడు. సెప్టెంబరు 25న బడులు మూసేశారు. కిటికీలకి తడి తువాళ్లు కుక్కి, ఒక్క గదిలో ముగ్గురం. రాత్రి బాబు దగ్గుతుంటే వాడి వీపు మీద చెయ్యేసి ప్రతి ఊపిరీ లెక్కపెట్టుకున్నాను.

మాది అద్దె ఇల్లు, టికెట్ కొనుక్కుని చెన్నై వచ్చేశాం. సుమత్రాలో, బోర్నియోలోని కాలిమంతన్‌లో ఆ పొగ మధ్యే ఇల్లున్నవాళ్లు ఎక్కడికి పోతారు? అడవి గొడవ అంటే కోతుల గొడవ అనుకునేవాళ్లకి ఇది చెప్పండి వసంత గారూ.

తాంబరం తమ్ముడు
ప్రియక్కా, బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

కడలి ప్రియ
బాగున్నాడు తమ్ముడూ. పదో తరగతి దాటాడు, ఫుట్‌బాల్ ఆడతాడు. నాకు మాత్రం ఎక్కడైనా ఆకులు కాలుతున్న వాసన వస్తే గుండె గుబేలుమంటుంది.

ఊరగాయజాడీ
పామాయిల్ గుండెకి మంచిది కాదు, మానేస్తే ఒంటికీ మంచిదే కదా. అది చెప్తే అందరూ వింటారు.

లెక్కలమాస్టారు
వింటారు, మర్నాడు ‘పామాయిల్ లేదు’ అని రాసిన చిప్స్ కొంటారు. అడవి మాట అక్కడితో పోతుంది. రెండు వాదనలూ కలపొద్దండి.

ఊరగాయజాడీ
మరి సర్టిఫికెట్ ఉన్నది కొంటే సరిపోదా? ఆర్‌ఎస్‌పీవో అని ఏదో తాటాకు బొమ్మ ఉంటుంది కదా.

లెక్కలమాస్టారు
అడవికి హాని లేకుండా పామాయిల్ పండించాలని తోటలవాళ్లు, కంపెనీలు, పర్యావరణ సంస్థలు కలిసి 2004లో పెట్టుకున్న సంస్థ అది. ప్రపంచ పామాయిల్‌లో అయిదో వంతు దాకా దాని కిందకి వచ్చింది. కానీ అందులో రకాలున్నాయి. మన పాల సొసైటీతో పోల్చి చెప్తాను. ఒక రకం, మంచి గేదె పాలు విడిగా క్యానులో పోసి విడిగానే మీ ఇంటికి తెస్తారు. ఇంకో రకం, అన్ని పాలూ ఒకే ట్యాంకులో కలుపుతారు, మంచి పాలు ఎన్ని లీటర్లు పోశారో అన్ని లీటర్లకే ‘మంచి పాలు’ అని రాసుకోనిస్తారు. దీన్ని మాస్ బ్యాలన్స్ అంటారు. మూడో రకంలో పాలు అసలు మీ ఊరికే రావు. ఎక్కడో మంచి పాలు పోసిన రైతుకి డబ్బు కట్టి కాగితం తెచ్చుకుంటారు. మూడూ మోసం అనను. కానీ ‘సర్టిఫికెట్ ఉందా’ అని కాకుండా ‘ఏ రకం’ అని అడగాలి.

రబ్బరు చక్రం
నేను శ్రీపెరంబుదూరు వైపు టైర్ల కంపెనీలో కొనుగోళ్ల విభాగం. ‘ఎక్కడిది’ అని అడగడం సాధ్యమా అని ఎవరికైనా అనుమానం ఉంటే నా ఉద్యోగమే సాక్ష్యం. యూరప్ 2023లో ఒక చట్టం తెచ్చింది. పామాయిల్, సోయా, కాఫీ, కోకో, రబ్బరు, కలప, పశువులు, ఈ ఏడింటిలో ఏది అమ్మినా 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేల మీద పండింది కాదని చూపించాలి. తోట ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా.

చట్టం అమలు రెండుసార్లు వాయిదా పడింది, పడ్డా మా పని ఆగలేదు. కొట్టాయం దగ్గర అరెకరం రబ్బరున్న పెద్దాయన తోట చుట్టూ ఫోను పట్టుకుని మా మనిషి నడిచి హద్దులు గుర్తించాడు. మొదట్లో అందరూ ‘ఇది అయ్యే పనా’ అన్నారు. అవుతోంది. కొనేవాడు గట్టిగా అడిగితే అన్నీ అవుతాయి. మనం అడగట్లేదు, అంతే.

సత్యం71
ఆ అరెకరం పెద్దాయనకి ఆ ఖర్చు ఎవరిస్తారు? ఫోను లేని రైతు గతేంటి? ఇండోనేషియా తోటల్లోనూ నలభై శాతం దాకా చిన్న రైతులవే అంటారు.

రబ్బరు చక్రం
న్యాయమైన ప్రశ్న సార్. మా దగ్గర ఖర్చు కంపెనీయే పెట్టుకుంది. అందరూ పెట్టుకోవడం లేదు. చిన్న రైతుని వదిలేసి పెద్ద ఎస్టేట్ దగ్గరే కొందాం అనే ఆలోచన మా పైవాళ్లలోనూ వచ్చింది, అది జరిగితే ఘోరం. ఉత్తరంలో ఆ మాటా ఉండాలి.

గోదారి గట్టు
ఉండాలండి. మిల్లు వాడు కాగితాలు లేవని గెల వెనక్కి పంపితే చిన్న రైతు ఆ సాయంత్రానికే మునిగిపోతాడు.

లెక్కలమాస్టారు
గోదారి గట్టు గారు మొదట్లో ఒక మాటన్నారు, అందరం దాటేశాం. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకి చేరాలి. అంటే ఏమిటి? ఏ మిల్లుకైనా గెలలు వచ్చేది చుట్టుపక్కల ఊళ్ల నుంచే. ట్రాక్టరో లారీయో ఒక్కరోజులో వెళ్లగలిగినంత దూరం. మిల్లు పేరు తెలిస్తే ఆ చుట్టూ ఉన్న నేల ఉపగ్రహ చిత్రంలో చూడొచ్చు, పదేళ్ల కిందట అక్కడ అడవి ఉందో లేదో తెలిసిపోతుంది. కొట్టువాడు తోట పేరు చెప్పలేడు, మిల్లు పేరు మాత్రం ఆ నూనె కంపెనీకి తెలుసు. 2018లో యూనిలీవర్ తనకి నూనె వచ్చే మిల్లుల జాబితా మొత్తం బయటపెట్టింది. ఒకరు పెట్టగలిగితే మిగతావాళ్లూ పెట్టొచ్చు.

కాబట్టి ఉత్తరంలో పది ప్రశ్నలొద్దు. ‘ఏ మిల్లు’ అన్న ఒక్కటి చాలు.

వేళచ్చేరి_వసంత
మాస్టారూ, ఇది చదివి ఇప్పుడే కొట్టుకి వెళ్లొచ్చాను. వంటశాల కొట్టు వెనకాల ఉంది. పెద్ద వంట మాస్టరు మురుకులు వేస్తున్నారు. గోడవారన ఖాళీ డబ్బాలు పేర్చి ఉన్నాయి, 15 కిలోలవి. ఒకటి తిప్పి చూశాను. రిఫైన్డ్ పామోలిన్ అని ఉంది, బ్యాచ్ నంబరు, తేదీ, ప్యాక్ చేసిన చోటు కృష్ణపట్నం వైపు అడ్రసు. పండిన దేశం పేరు ఎక్కడా లేదు. జిడ్డుకి సగం అక్షరాలు చెరిగిపోయాయి కూడా.

ఓనరు అన్నాచ్చి తిట్టలేదు. "ఇన్నేళ్లలో ధర అడిగినవాళ్లే గానీ ఊరు అడిగినవాళ్లు లేరమ్మా" అన్నారు. డబ్బా మీదున్న కస్టమర్ కేర్ నంబరు నా ముందే ఫోన్ చేశారు. అవతల అమ్మాయి మూడుసార్లు పట్టుకోమని చెప్పి పెట్టేసింది. "మీరు కాగితం మీద రాసివ్వండి, నెలకి ఇన్ని డబ్బాలు కొంటున్నాను, నా లెటర్‌హెడ్ మీద నేను పంపుతా" అన్నారు.

తాంబరం తమ్ముడు
అక్కా!! నూట నలభై ఇళ్ల ఉత్తరం కన్నా అన్నాచ్చి ఉత్తరం బరువెక్కువ.

నిర్వాహకులు
కొట్టు పేరు, నూనె కంపెనీ పేరు ఇక్కడ రాయకండి. జవాబు వచ్చేదాకా ఎవరినీ తప్పుపట్టొద్దు.

పెరంబూరు పిల్ల
ఆదివారం ఆయన మళ్లీ ‘మీ ఊరి తోటలు’ అంటే ఇంకో సంగతీ చెప్పండి. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ పెట్టింది. అప్పటికి దేశంలో పండే పంటలో 98 శాతం ఆంధ్ర, తెలంగాణ, కేరళలదే, కానీ ఈ మిషన్ ప్రత్యేకంగా ఎంచుకున్నది ఈశాన్య రాష్ట్రాలని, అండమాన్‌ని. పొగాకు చేలో వేయడం వేరు, మిజోరం కొండల మీద వేయడం వేరు. రేపు అక్కడి అడవి పోతే అప్పుడు నిజంగా ‘మన ఊరి తోట’ అవుతుంది. ఇప్పుడే అడగడం అలవాటు చేసుకోవాలి.

సత్యం71
దిగుమతి తగ్గాలంటే ఎక్కడో ఒకచోట వేయాలి కదమ్మా. అండమాన్ వద్దు, సరే. ఆ మాటకి నేనూ ఒప్పుకుంటాను. మిగతాది తర్వాత పోట్లాడదాం.

వేళచ్చేరి_వసంత
మీటింగ్ అయింది. బ్యారన్ గోడ సంగతి చెప్పాను. ప్రియ గారి అనుమతితో ఆ పొగ సంగతి చదివాను, అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఉత్తరానికి 61 ఇళ్లు సంతకం పెట్టాయి. మిగతావాళ్లు పెట్టలేదు, లేచిన పెద్దాయన కూడా పెట్టలేదు. ‘మీ పెదనాన్న తోటకి నీళ్లు ఎక్కడివి’ అని మాత్రం వెళ్తూ వెళ్తూ అడిగారు. బోరు అని చెప్పాను. ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది.

రేషన్ నూనె జోలికి రావట్లేదన్న వాక్యం పెట్టాను సుమతి గారూ. చిన్న రైతుని వదిలేసి ఎస్టేట్‌కి మారొద్దు అన్నదీ పెట్టాను. ఒకే ప్రశ్న, ఏ మిల్లు. తెలుగులో, ఇంగ్లీషులో ఉంది. అన్నాచ్చికి తమిళంలో కావాలి.

సుమతి_ఆవడి
తమిళం నేను రాస్తాను. నేను చదువుకున్నదే ఆ మీడియంలో.

గోదారి గట్టు
సుమతి గారూ, గెలకి అక్కడ వాళ్లు వాడే మాటే రాయండి. మా మిల్లు గుమాస్తా తిరునెల్వేలి ఆయన, కావాలంటే అడిగి చెప్తాను.

సుమతి_ఆవడి
అడగండి. రేపు పొద్దున్నకల్లా పంపుతా. పీడీఎఫ్ వద్దు వసంతా, అన్నాచ్చికి వాట్సాప్‌లో టైపు చేసి పంపు, ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అదే చదువుతారు. తర్వాత లెటర్‌హెడ్ మీద ఎక్కించొచ్చు.